అన్ని బోర్లకూ ఒకే రాయి పనికిరాదు



బోరు అనగానే మనకు నీళ్ల బోరే గుర్తొస్తుంది. ఈరోజు నేను చెప్పేది ఇంజన్ బోరు గురించి. తైవాన్ స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా ఉన్నాయి. వాటికి రింగులు మార్చేటప్పుడు మనం చేసే ఒక తప్పుతో బాగున్న సిలిండర్లు పాడైపోతున్నాయి. ఆ తప్పు నేనూ చేశా, అందుకే రాస్తున్నా.

కిందటేడు నా బ్రష్ కట్టర్ తాడు లాగితే చేతికి బరువే తగల్లేదు. షాపులో విప్పి చూసి రింగులు అరిగాయన్నారు. అది నిజమే. "బోరు నున్నగా ఉంది, హోనింగ్ కొడితేనే కొత్త రింగు కూర్చుంటుంది" అని డ్రిల్లు మిషన్‌కి రాళ్లు బిగించి గిరగిరా తిప్పేశారు. నేను పక్కనే నిలబడి చూశా, నోరెత్తలేదు. నెల తిరక్కుండా మళ్లీ అదే జబ్బు. ఈసారి విప్పితే సైలెన్సర్ వైపు రంధ్రం దగ్గర పూత లేచిపోయి కింది అల్యూమినియం బయటపడింది. రింగుల డబ్బులు దండగ. సిలిండర్, పిస్టన్ రెండూ కొత్తవి కొనాల్సొచ్చింది.

మెకానిక్‌ని ఒక్కడినే తిట్టి లాభం లేదు. ఆయన రోజూ చూసేది ట్రాక్టర్లు, డీజిల్ ఇంజన్లు. వాటిలో ఉండేది పోత ఇనుము లైనరు. అది వాడగా వాడగా అద్దంలా నున్నబడుతుంది. రాయితో అడ్డదిడ్డంగా సన్నగీతలు పెడితే ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, కొత్త రింగు గోడకు సర్దుకుంటుంది. అక్కడ హోనింగ్ సరైన పనే.

చేతి మిషన్లలో చాలావాటికి లైనరే ఉండదు. అల్యూమినియం సిలిండర్ లోపల గట్టి పూత వేస్తారు. కొన్నింటికి క్రోమ్, కొన్నింటికి నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన పూత. ఈ రెండో రకం జర్మనీలో మాలే కంపెనీ 1960ల్లో తయారుచేసింది, నికాసిల్ అంటారు. సిలికాన్ కార్బైడ్ అంటే మనం కత్తులు సానపెట్టే రాళ్లలో వాడేదే. అంత గట్టి పూత కాబట్టే దాన్ని ఫ్యాక్టరీలో వజ్రపు రాళ్లతో గీస్తారు. కానీ దాని మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. మామూలు రాయి దానిమీద గీతలు పెట్టలేదు సరికదా, రంధ్రాల అంచుల్లో తగులుకుని పూతను పెచ్చులుగా లేపుతుంది. లేచిన పూతను ఊళ్లో ఎవరూ అతికించలేరు.

మరి ఏం చేయాలి? ముందు ఏ బోరో తెలుసుకోండి. సిలిండర్ కింది అంచు చూస్తే ఇనుప స్లీవ్ వేరే వలయంలా కనిపిస్తుంది, అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. పూత బోరుకు ఆ వలయం ఉండదు, అయస్కాంతం అంతగా పట్టదు.

పూత బోరైతే రాయి, ఎమరీ పేపరు దగ్గరికి రానివ్వొద్దు. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుకు కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే మెలితిప్పుతూ పైకీ కిందికీ తేలిగ్గా రుద్దండి. మసి, జిడ్డు పోతే చాలు. పిస్టన్ పట్టేసి అల్యూమినియం అంటుకుని ఉంటే అక్కడ ఓపిగ్గా ఎక్కువసేపు రుద్దండి. కొందరు బాత్రూం యాసిడ్ పోయమంటారు. పోయొద్దు. ఆ యాసిడ్ క్రోమ్‌ను తింటుంది, అల్యూమినియాన్నీ తింటుంది. తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, ఆయిల్ రాసిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటకుండా వచ్చేదాకా తుడవాలి.

అప్పుడు గోరు పెట్టి చూడండి. గోరు ఎక్కడన్నా తగులుకుంటే, పూత లేచి రంగు మారితే, ఆ సిలిండర్‌కి రింగులు వేయొద్దు. బాగుంటే కొత్త రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్‌తో నిటారుగా నెట్టి, కొసల మధ్య సందు ఫిల్లర్ గేజితో కొలవమనండి. పుస్తకంలో ఇచ్చినదానికంటే ఎక్కువుంటే అరిగింది బోరే. క్రోమ్ బోరుకు క్రోమ్ రింగు వేయకూడదు, రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. అందుకే ఆ మోడల్‌కి ఇచ్చిన రింగే అడగండి.

"ఇంత తంటా ఎందుకు, చవక కిట్ కొనేస్తే పోలా?" అనేవాళ్లున్నారు. పూత నిజంగా పోతే కొనాల్సిందే. కానీ గాలి ఫిల్టరులో దుమ్ము అలాగే ఉండి, పెట్రోల్‌లో ఆయిల్ కంటిచూపుతో పోస్తుంటే కొత్త కిట్ కూడా అదే దారి పడుతుంది. 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. మీ మిషన్‌కి ఏదో పుస్తకం చూసి, కొలిచి పోయండి.

నా మాట ఒక్కటే. మిషన్ అమ్మేటప్పుడే అది పూత బోరో ఇనుప బోరో తెలుగులో చీటీ మీద రాసివ్వాలి. మందు డబ్బా మీద మోతాదు రాసినట్టే ఇదీ రాయొచ్చు. అది జరిగేదాకా అడిగే బాధ్యత మనదే. రాయి బిగించేముందు "అన్నా, ఇది పూత బోరా?" అని ఒక్క మాట అడగండి. నేను ఆ రోజు అడగలేదు.