26వ ప్రయాణికుడిని ఆపేదెవరు?

2014 జనవరి 26, ఆదివారం. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ దగ్గర, రాస్ ద్వీపం నుంచి నార్త్ బే వైపు వెళ్తున్న ‘ఆక్వా మెరీన్’ అనే ప్రైవేటు పర్యాటక పడవ మునిగి 21 మంది చనిపోయారు. (ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది. ప్రిలిమ్స్‌కి గుర్తుంచుకోండి.) మృతుల్లో ఎక్కువమంది తమిళనాడు పర్యాటకులే. పడవకు అనుమతి 25 మందికి. ఎక్కింది 40 మందికి పైనే.

జీఎస్-4లో ఇలాంటి కేస్ స్టడీ వస్తే మనలో చాలామంది రాసేది ఒకటే: లైసెన్సు రద్దు, కఠిన చర్యలు, అవగాహన సదస్సులు. మార్కులు పడొచ్చు. కానీ ఆ జవాబులో ఒక మనిషి కనిపించడు. ఏ జెట్టీలోనైనా 26వ ప్రయాణికుడు పడవలో కాలు పెడుతుంటే, పక్కనే తాడు పట్టుకుని నిలబడే పనివాడు. బరువు ఎక్కువైందని ముందు తెలిసేది అతనికే. “ఇక చాలు సార్, తర్వాతి ట్రిప్పులో రండి” అని అనగలడా? అంటే మర్నాడు పని ఉంటుందా?

‘సేఫ్టీ కల్చర్’ అనే మాట 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ప్రచారంలోకి వచ్చింది. నా దృష్టిలో దాని అసలు అర్థం, కిందివాడు “వద్దు” అంటే పైవాడు ఆగడం. 1977లో టెనెరిఫ్ రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు. చేసిందన్నాడు కెప్టెన్. విమానం ఆగలేదు. ఆ తర్వాతే కింది సిబ్బంది మాట వినడాన్ని పైలట్ల శిక్షణలో చేర్చారు.

మన దగ్గర? భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41హెచ్ సెక్షన్ ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారికి ముప్పు గురించి హెచ్చరించే హక్కు ఇచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ అలాంటి హక్కు ఉంది. కాకపోతే ఆ కోడ్ ప్రధానంగా 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు. ముగ్గురు నలుగురు నడిపే పడవ ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది. పైగా హెచ్చరించడం వేరు, పని ఆపడం వేరు.

యజమానికి సీజన్ కొద్ది నెలలే, నిజమే. పర్యాటకులే తొందరపెడతారు, అదీ నిజమే. అందుకే ఆ ఒత్తిడి తాడు పట్టుకున్న కుర్రాడి దాకా రాకుండా టికెట్ కౌంటర్‌లోనే 25 దగ్గర ఆగాలి. ఇక అక్కడికి అధికారిగా వెళ్లేవారు ప్రమాదాలు సున్నా అన్న రిపోర్టు చూసి సంతకం పెట్టేముందు ఇంకో లెక్క అడగాలి: ఈ నెలలో ఎన్ని ట్రిప్పులు ఆపారు, ఎవరు ఆపమన్నారు, వాళ్లకు ఆ రోజు కూలి అందిందా?