కాళ్ల తిమ్మిర్లకు ఇంటర్‌ఫెరాన్ సూది వేయించుకోకండి

ఉప్పల్, నాచారం కాలనీల్లో కాళ్లు తిమ్మిరెక్కితే షుగరనో, బీ12 తగ్గిందనో అనుకుని నెలలు గడిపేస్తాం. చాలామంది విషయంలో అదే నిజం కూడా. కానీ తిమ్మిర్లతో పాటు నేల మీద కూర్చున్నాక చెయ్యి ఆనించనిదే లేవలేకపోయినా, మెట్లెక్కడం కష్టమైనా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, ఆ నీరసం రెండు నెలలు దాటి ఇంకా ముదురుతున్నా అది సీఐడీపీ కావచ్చు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీది మైలిన్ పొరను కొరికేసే జబ్బు. దీనికి మంచి మందులున్నాయి. ఇంటర్‌ఫెరాన్ వాటిలో లేదు. ఎవరు చెప్పినా, ఏ వీడియోలో చూసినా దానికి ఒప్పుకోవద్దు.

ఇంటర్‌ఫెరాన్ పేరు మన ఊరికి కొత్తేమీ కాదు. తొలిరోజుల్లో ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ ప్రయోగశాలలో పరిశోధన సాగించిన శాంతా బయోటెక్నిక్స్ కంపెనీ తర్వాత ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫాను ఇక్కడే తయారుచేసింది. హెపటైటిస్ రోగులకు అది మేలే చేసింది. దాని మరో రకం బీటాను 1993 నుంచి మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడుతున్నారు. ఆ జబ్బులోనూ పాడయ్యేది మైలినే కాబట్టి రెంటికీ ఒకటే మందనుకుంటారు. కానీ అక్కడ దెబ్బ మెదడుకూ వెన్నుపాముకూ. సీఐడీపీలో కాళ్లూచేతుల నరాలకు.

డాక్టర్లూ ఒకప్పుడు ఆశపడ్డారు. కొద్దిమందికి ఇచ్చి చూస్తే కొందరు కోలుకున్నారు. ఆ ఆశ నిజమేనా అని 67 మంది సీఐడీపీ రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. కొందరికి ఇంటర్‌ఫెరాన్ బీటా, మిగతావారికి మందు లేని సూది ఇచ్చి, కొన్ని వారాలకు వాళ్లు ఈ జబ్బుకు వాడుతున్న ఇమ్యునోగ్లోబులిన్ ఆపేశారు. ఇంటర్‌ఫెరాన్ వారిలో దాదాపు సగం మందికి మళ్లీ ఇమ్యునోగ్లోబులిన్ అవసరం పడలేదు. మందు లేని సూది వారిలోనూ దాదాపు సగం మందికి పడలేదు! ‘ఆ సూదితోనే నాకు తగ్గింది’ అనేవాళ్లు అబద్ధమాడడం లేదు. వాళ్లకు అది లేకపోయినా తగ్గి ఉండవచ్చు. 2021 నాటి ఐరోపా నరాల వైద్యుల మార్గదర్శకాలు సీఐడీపీకి ఇంటర్‌ఫెరాన్ బీటా వాడొద్దనే చెబుతున్నాయి. ఆల్ఫా తీసుకున్న కొందరు హెపటైటిస్ రోగులకైతే సీఐడీపీయే కొత్తగా మొదలైంది. జ్వరం, మనసు కుంగిపోవడం, లివర్ దెబ్బతినడం దీనికి అదనం.

అన్నిటికన్నా పెద్ద నష్టం కాలం. మైలిన్ మళ్లీ పెరుగుతుంది. ఆలస్యమై లోపలి నరం చచ్చిపోతే పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు.

ఈఎస్ఐ కార్డున్నవాళ్లు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లి న్యూరాలజిస్టు దగ్గరికి పంపమని గట్టిగా అడగండి. లేనివాళ్లకు గాంధీ, నిమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. నర్వ్ కండక్షన్ పరీక్ష తప్పనిసరి. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఏ సాల్వెంట్లు, జిగుర్లు ముట్టుకుంటారో డాక్టరుకు చెప్పాలి. కొన్ని రసాయనాలూ నరాలను ఇలాగే తినేస్తాయి. సీఐడీపీ అని తేలితే స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్, అవి పనిచేయకపోతే ప్లాస్మా మార్పిడి. స్టెరాయిడ్లను సొంతంగా ఆపకండి. వేరే జబ్బుకు డాక్టరు రాసిన ఇంటర్‌ఫెరాన్ వాడుతున్నవాళ్లు కూడా ఇది చదివి మానేయకండి, ముందు ఆ డాక్టరుతో మాట్లాడండి. నీరసం రోజుల్లోనే పైకి పాకుతున్నా, మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా ఓపీ కోసం తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.