ఎవరి లెక్కలో ఎవరు ‘మిగులు’?

రాజ్యాంగంలోని 311వ అధికరణం పాఠం చెబుతున్న రోజున వెనుక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచి అడిగిన ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ‘సార్, తప్పు చేసినోడిని తీసెయ్యాలంటే నోటీసు ఇయ్యాలె, విచారణ జరపాలె. మరి ఏ నోటీసూ లేకుండ మా నాన్న కొలువు ఎట్ల పోయింది?’ అతని తాత ఊరి సుంకరి. తండ్రి గ్రామ సేవకుడిగా మొదలై, పదోన్నతిపై గ్రామ రెవెన్యూ అధికారి అయ్యాడు. ఆ కుటుంబంలో కుర్చీలో కూర్చొని సంతకం పెట్టిన మొదటి మనిషి ఆయనే. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం వీఆర్‌ఓ వ్యవస్థను చట్టం ద్వారా రద్దు చేసింది. దాదాపు రెండేళ్లు ఆయనకు ఫలానా పని అంటూ లేదు. 2022లో లాటరీ తీసి వేరే శాఖకు పంపారు. జీతం ఆగలేదు, శిక్ష పడలేదు. అయినా ఆ రెండేళ్లూ ఊళ్లో తలెత్తుకొని తిరగలేకపోయాడని కొడుకు చెప్పాడు.

ఆ ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు సూటిగానే ఉంటుంది. రామనాథ పిళ్లై కేసులో 1973లో, కె. రాజేంద్రన్ కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, పోస్టును సృష్టించే అధికారం ఉన్న ప్రభుత్వానికి దాన్ని రద్దు చేసే అధికారమూ ఉంటుంది. పోస్టు రద్దయితే ఉద్యోగి బయటికి వెళ్లడం శిక్ష కాదు. కాబట్టి 311వ అధికరణం రక్షణ అక్కడ వర్తించదు. రద్దు సద్భావనతో జరగాలన్నది మాత్రం షరతు. అంటే తప్పు చేశాడన్న ఆరోపణ ఉన్న ఉద్యోగికి విచారణ ఉంది, ‘అవసరం లేదు’ అనిపించుకున్న ఉద్యోగికి అది లేదు. అందువల్ల ‘అవసరం లేదు’ అనే మాటకు నిర్వచనం ఏమిటన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

పోస్టుల రద్దును నేను గుడ్డిగా వ్యతిరేకించను. తెలుగు నేల మీద జరిగిన అతి పెద్ద రద్దును సామాజిక న్యాయం కోరేవారు స్వాగతించారు. కరణం, మునసబు ఉద్యోగాలు తరతరాలుగా కొన్ని ఇళ్ల ఆస్తిగా ఉండేవి. వంశపారంపర్యం ఆధారంగా ఆ కొలువులు ఇవ్వడం సమాన అవకాశాల హక్కుకు విరుద్ధమని గాజుల దశరథ రామారావు కేసులో 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఊళ్లో పట్టు సడలలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పోస్టులను రద్దు చేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడ పోయింది పని కాదు, పని మీద కులానికి ఉన్న వారసత్వ హక్కు. భూమి లెక్కలు, పన్ను వసూళ్లు కొత్త చేతుల్లోకి వచ్చాయి. మునుపు కరణం అరుగు ఎక్కలేని కులాల పిల్లలు కూడా ఆ లెక్కలు రాసే వీలు కలిగింది.

2020 నాటి రద్దును దీని పక్కన పెట్టి చూడాలి. అప్పుడు ప్రభుత్వం చెప్పిన ప్రధాన కారణం అవినీతి. అవినీతి లేదని నేను అనను. పట్టాదారు పాసుపుస్తకం కోసం తిరిగి చెప్పులు అరిగిన రైతులను నేనూ చూశాను. కానీ అవినీతికి మందు విచారణ, శిక్ష. ఐదు వేలకు పైగా ఉద్యోగులను ఒక్క చట్టంతో ‘అవసరం లేనివారు’గా మార్చడం వల్ల నిజాయితీపరుడూ లంచగొండీ ఒకే గాట కట్టబడ్డారు. ఊళ్లో భూమి తగాదాలు మాత్రం ఆగలేదు. 2023లో వీఆర్‌ఏల వంతు వచ్చింది. 20 వేలకు పైగా ఉన్న వారిని వివిధ శాఖల్లో సర్దుబాటు చేశారు. వారికి వేతన స్కేలు దక్కడం మంచి మార్పే. 2025కి వచ్చేసరికి భూభారతి చట్టంతో పాటు ‘గ్రామ పాలన అధికారి’ అనే పేరుతో దాదాపు 11 వేల పోస్టులు మళ్లీ పుట్టాయి. వాటికి పూర్వపు వీఆర్‌ఓలు, వీఆర్‌ఏలనే పరీక్ష పెట్టి తీసుకున్నారు. ఐదేళ్ల కింద మిగులైన మనిషి ఐదేళ్ల తర్వాత అవసరమయ్యాడు. మారింది పని కాదు, ప్రభుత్వం లెక్క.

ఈ లెక్కకు కాగితం మీద నిర్వచనాలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 1990లో రూపొందించిన మిగులు సిబ్బంది పునర్నియామక నిబంధనల ప్రకారం, పునర్వ్యవస్థీకరణ వల్ల గానీ, ఒక కార్యక్రమాన్ని ఆపేయడం వల్ల గానీ, సాంకేతిక మార్పుల వల్ల గానీ, పనిని కొలిచే అధ్యయనాల వల్ల గానీ పోస్టుతో సహా అదనంగా తేలినవారు మిగులు సిబ్బంది. వినడానికి ఇది సమంజసంగానే ఉంది. ఆచరణలో మాత్రం నాలుగు వేర్వేరు సంగతులను ఈ ఒక్క మాట కింద కలిపేస్తున్నాం. పని లేకపోవడం ఒకటి. డబ్బు లేకపోవడం రెండోది. అదే పనిని చవకగా ఇంకొకరితో చేయించుకోవాలనుకోవడం మూడోది. ఉద్యోగుల మీద నమ్మకం పోవడం నాలుగోది. నిజమైన మిగులు మొదటిది మాత్రమే.

బీఎస్ఎన్ఎల్ ఉదాహరణ చూడండి. 2019లో ప్రకటించిన స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద సుమారు 78 వేల మంది 2020 జనవరి ఆఖరున ఒక్క రోజే బయటికి వెళ్లారు. అర్హతకు కొలబద్ద యాభై ఏళ్ల వయసు. ఎవరి పని అవసరం, ఎవరిది కాదు అన్న ప్రశ్న ఆ కొలబద్దలో లేదు. పాఠశాలల్లోనూ ఇదే తంతు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు జీవో కింద 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించారు. పిల్లలు వెళ్లిపోయాక వాడలోని బడిలో ఉపాధ్యాయుడు మిగులుగా కనిపించడంలో వింతేముంది? ముందు పనిని జరిపి, తర్వాత మనిషిని లెక్కించారు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు ఎదురుతిరిగాయి. 2025లో ఆ జీవో రద్దయింది.

ఇందులో కులం ఎక్కడుందని అడిగేవారు ఉంటారు. తేదీలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. కేంద్ర ఉద్యోగాల్లో ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్ 1993 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. అది ప్రత్యక్ష నియామకాలకే పరిమితం, పదోన్నతుల్లో లేదు. 2001 మే 16న కేంద్రం జారీ చేసిన ఉత్తర్వు ప్రత్యక్ష నియామకాల ఖాళీల్లో దాదాపు మూడో వంతే నింపాలనీ, మిగిలినవి రద్దవుతాయనీ చెప్పింది. 2009 వరకు అది నడిచింది. తలుపు తెరిచిన ఎనిమిదేళ్లకే గుమ్మం ఇరుకైంది. ఉత్తర్వులో ఏ కులం పేరూ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. పారిశ్రామిక వివాదాల చట్టంలోని ‘చివర వచ్చినవారు ముందు వెళ్లాలి’ అనే సూత్రమూ అలాంటిదే. వినడానికి అది తటస్థమే. కానీ ఈ దేశంలో చివర వచ్చిందెవరు? 2025 నవంబరు నుంచి అమలవుతున్న కార్మిక స్మృతి ప్రకారం తొలగింపుకు ముందస్తు అనుమతి అవసరమయ్యే పరిమితి వంద మంది నుంచి మూడు వందలకు పెరిగింది. చిన్న యూనిట్లలో అడిగే నాథుడు తగ్గాడు.

నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఒక విద్యాసంస్థలో సిబ్బంది సమీక్షా కమిటీలో నేను సభ్యుణ్ణి. పట్టికలో స్వీపర్లు, అటెండర్లు, కాపలాదారులు ‘మిగులు’ అని తేలారు. ఎన్ని గదులున్నాయి, ఎన్ని మరుగుదొడ్లున్నాయి అని చూస్తే ఆ గడి పట్టికలోనే లేదు. పై కుర్చీల లెక్క ఎవరూ తీయలేదు. నేను అసమ్మతి రాయాల్సింది. రాయలేదు, సంతకం పెట్టాను. ఆ స్వీపర్లు రిటైరవుతున్న కొద్దీ పోస్టులు పోయాయి. ఇప్పుడు అవే వరండాలను, అవే వాడల నుంచి వచ్చే ఆడవాళ్లు ఏజెన్సీ కింద ఊడుస్తున్నారు. తల్లికి పింఛను వచ్చిన పనికి కూతురికి సెలవు కూడా లేదు. చీపురు కులం చేతిలోనే మిగిలింది, ఉద్యోగం ఒక్కటే పోయింది.

ప్రజాధనంతో పని లేని పోస్టులను ఎందుకు పోషించాలన్న వాదన న్యాయమైనదే. టైపు మిషన్ పోయాక టైపిస్టు పోస్టు అలాగే ఉండాలని ఎవరూ అనరు. కాబట్టి నిర్వచనం కావాలి, అది అందరికీ ఒకటే కావాలి. మొదటిది, పని నిజంగా ఆగిపోతేనే మిగులు. అదే పని మరో పేరుతోనో కాంట్రాక్టరుతోనో కొనసాగితే అది మిగులు కాదు, ఆ పనిపై తొలి హక్కు పాత ఉద్యోగిదే. తొలగించిన కార్మికుడికి తిరిగి తీసుకోవడంలో ప్రాధాన్యం ఇవ్వాలన్న సూత్రం పారిశ్రామిక చట్టానికి కొత్త కాదు. రెండవది, కొలత వివరాలు బహిరంగం కావాలి. కొలిచేటప్పుడు ఆ పని చేసేవారిని, ఆ సేవ పొందేవారిని అడగాలి. మూడవది, రద్దుకు ముందే ఆ కేడర్‌లో ఏ వర్గాలవారు ఎందరున్నారో, రోస్టర్‌లో ఎన్ని స్థానాలు పోతాయో ప్రకటించాలి. నాలుగవది, సర్దుబాటు అర్హతను, హోదాను బట్టి జరగాలి, లాటరీతో కాదు. ఐదవది, ఆరోపణలుంటే విచారణ జరపాలి తప్ప పోస్టును రద్దు చేసి పని కానివ్వకూడదు.

ఆ విద్యార్థి తండ్రి 2025లో మళ్లీ పరీక్ష రాసి గ్రామ పాలన అధికారిగా వెళ్లాడు. ‘ఈసారి ఎన్నేళ్లు ఉంటుంది సార్?’ అని కొడుకు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పైన చెప్పిన ఐదు మాటల్లో ఒక్కటైనా చట్టంలో చేరితే, ఆ ప్రశ్నకు జవాబు అప్పటి ముఖ్యమంత్రి ఎవరన్న దాని మీద ఆధారపడాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది.