బద్ధకమన్న నింద

ఒక యువకుని తలచుకొనండి. మీ ఇంటిలో కాకపోతే మీ బంధువర్గంలోనో, మీ వీధిలోనో ఉండే ఉంటాడు. ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో ఉండగా నిద్ర మానివేశాడు. తోటి విద్యార్థులు తనపై కుట్ర పన్నుతున్నారన్నాడు. ఎవరూ లేనిచోట తనను తిట్టే గొంతులు వినపడుతున్నాయన్నాడు. పెద్దలు దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు, రెండు నెలలు గడిచాక మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు. మందులు పనిచేశాయి, గొంతులు సద్దుమణిగాయి. అందరూ ఊపిరి పీల్చుకొని అతనిని మరల కళాశాలకు పంపారు. మొదటి పరీక్షలలోనే నాలుగు సబ్జెక్టులు తప్పాడు. తండ్రి బద్ధకమన్నాడు. అధ్యాపకుడు శ్రద్ధ లేదన్నాడు. మేనమామ ఇదంతా సెల్‌ఫోను మహిమ అన్నాడు.

ముగ్గురూ పొరబడ్డారు. నేనూ ఒకప్పుడు అదే పొరబాటు చేశాను. నేను మానసిక వైద్య నిపుణుడను కాను, సాధారణ వైద్యుడను. అయినా ఇటువంటి తండ్రులు నన్ను సలహా అడిగినప్పుడు, "కుదుటపడ్డాడు కదా, చదువులో పెట్టండి, అదే సర్దుకుంటుంది" అని చెప్పి పంపాను. చాలామందికి అది దానంతట అది సర్దుకోలేదు.

వైద్యులు సైకోసిస్ అని పిలిచే ఈ చిత్తభ్రమలో బయటకు కనిపించేవి గొంతులు, అనుమానాలు. కనిపించకుండా దెబ్బతినేవి ధ్యాస, జ్ఞాపకం, ఆలోచనా వేగం, పనిని వరుసగా అమర్చుకొనే నేర్పు. బల్లపై వ్రాసిన సమీకరణాన్ని చూచి పుస్తకంలోకి తల వంచేలోపు సగం జారిపోతుంది. నలుగురు మాటలాడుకొనే చోట మూడవ వాక్యం అందేసరికి మొదటిది మరుగున పడుతుంది. మైఖేల్ గ్రీన్ అనే పరిశోధకుడు 1996లో అప్పటి అధ్యయనాలను సమీక్షించి, స్కిజోఫ్రీనియా ఉన్నవారి దైనందిన జీవనం గొంతుల తీవ్రతకంటె ఈ జ్ఞాపకశక్తి, ధ్యాసలతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నదని చూపించాడు. గొంతులను అణచే ఔషధాలు ఈ శక్తులను చాలావరకు ఉన్నచోటనే వదలివేస్తాయి. అలాగని ఔషధాలు మానిపించకండి. మానితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, తిరగబెట్టిన వ్యాధి మరికొంత చదువును మ్రింగుతుంది.

ఈ శక్తులకు శిక్షణ ఉన్నది. 2011లో టిల్ వైక్స్ బృందం 40 పరీక్షలను, రెండువేల మందికి పైగా రోగుల ఫలితాలను కలిపి చూచి, మేలు మధ్యస్థంగా ఉన్నదని తేల్చింది. మధ్యస్థమన్న మాటను మరచిపోకండి, ఇది మంత్రం కాదు. ఇంకొక విషయం కూడా ఆ పరిశీలనలో బయటపడింది. శిక్షణను ఉద్యోగానికో, చదువుకో, స్వతంత్ర జీవనానికో తోడ్పడే పునరావాసంతో జోడించినప్పుడే నిత్యజీవితంలో ప్రయోజనం బలంగా కనిపించింది. పదేళ్ళ తరువాత 130 పరీక్షలను పరిశీలించిన మరొక బృందం శిక్షణ పొందిన చికిత్సకుడు ప్రక్కన ఉండటం, ఉపాయాలను క్రమంగా నేర్పటం ముఖ్యమని చెప్పింది.

అంటే ఏమిటి? కంప్యూటరు ముందు కూర్చోబెట్టి బొమ్మలు గుర్తుపట్టించి ఇంటికి పంపటం శిక్షణ కాదు. బొమ్మ ఎందుకు తప్పిపోయింది, నీవు ఏ ఉపాయం పన్నావు, అదే ఉపాయం ల్యాబ్ రికార్డు వ్రాయటానికి ఎలా పనికివస్తుంది అని అడిగే మనిషి కావాలి. పాఠాన్ని ముక్కలు చేయటం, విన్నదాన్ని తన మాటలలో తిరిగి చెప్పటం, చేయవలసిన పనులను చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో వ్రాసుకోవటం, ఇవన్నీ అందులో భాగాలే.

ఇక్కడనే వ్యాపారులు దూరుతారు. అమెరికాలో మెదడు ఆటలు అమ్మే లుమోసిటీ సంస్థ, మోసపూరిత ప్రకటనలు చేసిందన్న ప్రభుత్వ అభియోగంపై 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించటానికి ఒప్పుకున్నది. మనవద్ద పిల్లల కళ్ళకు గంతలు కట్టి మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ అని వేలకు వేలు గుంజినవారిని మీరే చూచారు. ఆటలు ఆడితే ఆటలలో నేర్పు వస్తుంది. డబ్బు కట్టేముందు, ప్రక్కన కూర్చొని నేర్పేవారెవరో, వారు ఏమి చదివారో అడగండి.

నా తోటి వైద్యులకు కూడా ఒక మాట. వణుకు, కండరాల బిగుతు రాకుండా అంటూ ట్రైహెక్సిఫెనిడిల్ మాత్రను అలవాటుగా వ్రాసి, నెలల తరబడి కొనసాగించే చీటీలను నేను ఎన్నో చూచాను. ఆ మాత్ర జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుందని ఏ ఫార్మకాలజీ పుస్తకంలోనైనా ఉంటుంది. ఒక చేతితో జ్ఞాపకాన్ని తగ్గించి, రెండవ చేతితో శిక్షణకు పంపటం ఏమి వైద్యం? అవసరం ఉన్నవారికి ఇవ్వండి, తీరిన పిదప క్రమంగా తగ్గించండి. (చదువరులారా, మీ అంతట మీరు ఆపకండి. అడగండి.)

"ఎర్రగడ్డలోనో, విశాఖ మానసిక వైద్యశాలలోనో బారులు తీరిన జనం మధ్య ఇవన్నీ ఎవరు చేస్తారు?" అని మీరనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని వైద్యుడే చేయవలసిన పని కాదిది. క్లినికల్ సైకాలజిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, తర్ఫీదు పొందిన సామాజిక కార్యకర్త చిన్న బృందాలకు నేర్పవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షను పునరావాస సేవలను కూడా హక్కులో చేర్చింది. ఆ నియామకాలు జరగకపోతే అది పేదరికం కాదు, నిర్లక్ష్యం.

కళాశాలల సంగతి మరీ విచారకరం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అస్వస్థత చేరి ఉన్నది. దివ్యాంగ విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయం వంటి మార్పులు చేయాలని 17వ సెక్షను చెబుతున్నది. ఎందరు ప్రిన్సిపాళ్ళు దానిని చదివారు? హాజరు తగ్గిందని డిటెయిన్ చేయటం మాత్రం అందరికీ తెలుసు.

తదుపరి సారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు, గొంతులు వినపడుతున్నాయా అని మాత్రమే ఆయన అడిగి చీటీ వ్రాయబోతే, కొంచెం ఆపండి. ఒక పుట చదివితే ఎంత నిలుస్తున్నదో, తరగతిలో ఎంతసేపు ధ్యాస ఉంటున్నదో మీ బిడ్డ చేతనే చెప్పించండి. దానిని చీటీలో వ్రాయమని అడగండి.