ఫర్దా మార్కెట్ ధర ఫోన్‌లో కనిపించాలి

కువైట్ వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రిగారికి,

2023 జూలై 20న భారత్ బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. డిసెంబరు 8న ఉల్లి వంతు వచ్చింది. ఇలాంటి కబురు ఓడకంటే ముందే కువైట్ రేవు చేరుతుంది. గోదాములో బస్తా పాతదే, రేటు మాత్రం కొత్తదైపోవచ్చు.

కువైట్‌లోని జిలీబ్‌లో నలుగురు వలస కార్మికులు కలిసి వండుకునే గదిలో లెక్కంతా ఫిల్సుల్లోనే. కిలోకు 50 ఫిల్సులు పెరిగినా కడపకో, కోనసీమకో పంపే డబ్బులోంచి తగ్గాల్సిందే. చిన్న హోటలువాళ్ల బాధ ఇంకోటి: సాంబారు పలుచన చేయాలా, భోజనం ధర పెంచాలా?

మదనపల్లె టమాటా సంగతి చూడండి. అక్కడి యార్డు ధరలు భారత ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో ఉంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. రైతైనా, కొనేవాడైనా ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. బేరమాడే ధైర్యం సగం అక్కడే వస్తుంది.

తమ శాఖ ధరల తనిఖీలు చేస్తూనే ఉంది. అధికారి చూసే ధర, కొనేవాడికీ కనబడాలి. సులేబియాలోని ఫర్దా కూరగాయల మార్కెట్ టోకు ధరలు, కిరాణా సరుకుల టోకు ధరలు, వచ్చిన సరుకు లెక్క రోజూ తెల్లారేసరికి ఫోన్‌లో అందేలా చూడండి. అరబ్బీతో పాటు హిందీ, తెలుగు కూడా ఉంటే మేలు. మొదట బియ్యం, ఉల్లి, టమాటా, కందిపప్పు, నూనె చాలు. మిగతావి తర్వాత చేర్చవచ్చు.