పండుతోపాటు పేరు కూడ మనదే కావలెను



బోర్డో మిశ్రమము నెరుగని తోట రైతు ఉండడు. ఆ మందు పుట్టినది ఫ్రాన్సు దేశమందలి బోర్డో ద్రాక్షతోటలలో. ఆ తోటలనుండి మనము గ్రహింపవలసిన సంగతి మరొకటి కలదు.

అచ్చటి వారు ద్రాక్షసారాయిని పీపాలతో వర్తకులకు అమ్మెడివారు. సీసాలలో నింపుట వర్తకుల పని. మూటన్ తోటను నడిపిన ఫిలిప్ రోత్‌షీల్డ్ 1924 పంట మొదలు సరకంతయు తోటలోనే సీసాల కెత్తించి, తోట పేరుతో పంపెను. 1855లో రెండవ తరగతిలో నుంచబడిన ఆ తోట 1973లో మొదటి తరగతి కెక్కినది.

మన నూజివీడులో పూతమీదనే తోటను గుత్త కిచ్చు రైతులు గలరు. గాలివాన భయము, ముందుగా చేతికందు సొమ్ము ఇందుకు కారణములు. కాని ఆపైన కోత, మాగవేత వర్తకుని ఇష్టము. లేతకాయను కోసి, నిషిద్ధమైన కార్బైడుతో రంగు తెప్పించినచో చెడునది వర్తకుని పేరు కాదు, నూజివీడు రసాల పేరు.

కావున తోటంతయు కాకున్నను, ఒక్క సాలు చెట్లనైనను గుత్త కీయక అట్టిపెట్టుకొనుడు. ముదిరిన కాయను తొడిమతో కోసి, సొన కారనిచ్చి, గడ్డిలో మాగవేసి, పెట్టెపై ఊరి పేరు, తోట పేరు వ్రాసి పంపుడు. గ్రామాధికారులు చిన్న రైతులను పదిమందిని ఒకచోట చేర్చినచో లారీ బాడుగ భారము కాదు.