మన యింటి మూగజీవులు: నీలితోక వ్యాధి కాదు



ఇంగ్లండున కాపురముండు నొక తెలుగు సోదరి యీ మాసమున మాకొక లేఖ వ్రాసిరి. వారి పదేండ్ల కుమార్తె గాజుతొట్టిలో రెండు న్యూటులను పెంచుచున్నదట. వసంతము రాగానే అందొకదాని తోకకు నీలిచాయ పట్టినది. తోక మొదట వాపు కనబడినది. రెండవదాని కడుపు ఉబ్బినది. బిడ్డ కన్నీరు పెట్టుకొనగా, తల్లి నీటిలో మందు కలుపబోయి, మనసొప్పక, "ఇది యే వ్యాధి?" యని మమ్మడిగిరి. ఆ మందు కలుపకుండుటయే మేలయినది. అది వ్యాధి కాదు. ఆ జంట సంతానమునకు సిద్ధమగుచున్నదనుటకు గుఱుతు.

న్యూటు నెఱుగని వారికొక మాట. చూపునకిది బల్లివలె నుండును గాని, కప్పలకు దగ్గఱ చుట్టము; నీటను నేలను బ్రతుకు జీవి. తెలుగునాట నిది లేదు. డార్జిలింగు, సిక్కిం కొండలలో హిమాలయపు న్యూటు కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది గావున, దానిని పట్టి పెంచరాదు. ఈ సోదరి యింటనున్నది జపాను జాతి. దాని వీపు నలుపు. పొట్ట నిప్పువలె నెఱుపు.

శీతకాలమంతయు చల్లని నీటనుండి, వసంతమున నీరు కొంచెము వెచ్చబడినచో నీ జాతి జతకూడును. అప్పుడు మగదాని తోకకు నీలిచాయ వచ్చును. అది యాడుదాని యెదుట నిలిచి, తోకను వంచి విసనకఱ్ఱవలె నాడించుచు, తన వాసనను నీటిలో నామె వైపునకు పంపును. 1995లో జపాను శాస్త్రజ్ఞులు ఆ వాసనద్రవ్యమును వేఱుచేసి, దానికి సోడెఫ్రిన్ అను పేరిడిరి. మన్యోషూ అను ప్రాచీన సంకలనమున నుకద రాకుమారి పద్యమొకటి కలదు. ప్రియుడు వస్త్రపు చేతిని ఊపుటను జెప్పు మాట అందున్నది. ఆ మాటనుండియే యీ పేరు పుట్టినది.

మగది తొట్టి యడుగున విడిచిన వీర్యపు మూటను ఆడుది తనలోనికి గైకొనును. పిమ్మట గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టుచు, వెనుక కాళ్లతో నీటిమొక్క ఆకును మడిచి, ఆ మడతలో ఒక్కొక్క గ్రుడ్డును దాచును. కావున తొట్టిలో మెత్తని యాకులుగల నీటిమొక్కల నుంచవలెను. ఇంత శ్రద్ధతో దాచిన ఆ తల్లియే తరువాత తన గ్రుడ్డు కంటబడినచో తినివేయును! బిడ్డ యది చూచి, తల్లి క్రూరురాలనుకొనరాదు. ఇది తన గ్రుడ్డని అది యెఱుగదు. గ్రుడ్డున్న ఆకును కత్తిరించి వేఱొక పాత్రలో నుంచుటయే తగిన యుపాయము.

నీరు 20 డిగ్రీల సెంటీగ్రేడునకు మించకుండుట మంచిది. 25 దాటిన ప్రాణాపాయము. తొట్టిని ఎండ పడు కిటికీ కడ నుంచరాదు. కుళాయినీటిలోని క్లోరినును పోగొట్టిన పిమ్మటనే తొట్టిలో పోయవలెను. ఈ జీవి చర్మమున విషము కలదు గావున, తాకిన వెంటనే పిల్లలచేత చేతులు కడిగింపవలెను.

రెండు మూడు వారములలో పిల్లలు వెలువడును. వానికి మెడకిరుప్రక్కల ఈకలవంటి మొప్పలుండును. కప్పపిల్లకు వెనుక కాళ్లు ముందు వచ్చును; వీనికి ముందు కాళ్లే ముందు వచ్చును. కదలు నాహారమునే యివి తినును గావున, నీటి పురుగులను, అప్పుడే పొదిగిన ఉప్పునీటి రొయ్యపిల్లలను దినదినము పెట్టవలెను. కొన్ని నెలలకు మొప్పలు పోయి, పిల్లలు గట్టెక్కగోరును. అప్పుడు తొట్టిలో పొడినేల లేనిచో మునిగి చచ్చును. గట్టెక్కిన పిమ్మట చిన్న సజీవ పురుగులతో చాలకాలము పోషింపవలెను. కష్టమంతయు నిచ్చటనే యున్నది.

ఒక్క ఋతువున ఆడుది నూఱుకు మించి గ్రుడ్లు పెట్టగలదు. అన్నిటిని పెంచుట యే యింటను సాధ్యము కాదు. మిగిలిన వానిని చెఱువులో విడుతమని తలంపరాదు. నెదర్లాండ్సులో సాలమాండరులను తుడిచిపెట్టిన శిలీంధ్రమును 2013లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అది ఆసియా జీవులతో ఐరోపాకు వచ్చినదని వారి యభిప్రాయము. ఆ భయము చేతనే 2016లో అమెరికా 201 జాతుల దిగుమతిని నిషేధించినది. ఒక బిడ్డ దయతో విడిచిన ప్రాణి, ఆ చెఱువులోని ప్రాణులన్నిటికి మృత్యువు కావచ్చును.

కావున, అమ్మా, గ్రుడ్లు కనబడకముందే మీ కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని లెక్క చూడుడు. ఎన్నింటికి ఎఱ సంపాదింపగలము? ఎన్ని పాత్రలు కలవు? మనము ఊరికి పోయిన నాడు వీనిని చూచువారెవరు? నాలుగైదింటికే శక్తియున్నచో, అన్ని గ్రుడ్లనే యుంచి, మిగిలినవానిని పెట్టిన దినముననే మంచుపెట్టెలో గడ్డకట్టింపుడు. వినుటకిది కఠినము, కాని, పొదిగిన పిల్లలు ఆకలిచే ఒక్కొక్కటిగా చచ్చుట అంతకంటె కఠినము. జంటను వేఱుచేసినను గ్రుడ్లు వెంటనే ఆగవు. ఆడుది వీర్యమును నెలల తరబడి దాచుకొనగలదు.

బిడ్డకు నీలితోక యందమును చూపుడు. దానితో కూడ ఈ లెక్కను నేర్పుడు. ప్రాణిని పెంచుట యనగా రెండును తెలిసికొనుటయే.